నవ్వు కోసం ఆగిన చోటు

పావురం ఇంకా దొరకలేదు.

పోయినవారం మనం చంటిని స్టేజీ మధ్య దీపాల వెలుగులో నిలబెట్టి వదిలేశాం. ఓ పదేళ్లపాటు హాస్య సీరియల్లో ‘వదినగారు’గా ఇంటింటినీ నవ్వించి, ఆ తర్వాత అంతకంటే ఎక్కువ కాలం ఎవరికీ పట్టని మనిషైపోయి, ఇప్పుడు ఆటా పాటా గారడీ కలగలిపిన ఒక వారాంతపు కార్యక్రమంతో మళ్లీ టీవీలోకి అడుగుపెట్టింది ఆమె. మొదటి రెండు రికార్డింగుల్లో జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. మూడోదానిలో ఆమె ఒక మాట విసిరి, నవ్వు కోసం ఆగింది. నవ్వు రాలేదు. అయినా ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, తెర పక్కన తన వంతు కోసం కాచుకుని ఉన్న గారడీ ఆయన ఆమె పని అయిపోయిందనుకొని, టోపీలో పావురంతో సహా స్టేజీ మీదికి వచ్చేశాడు. ఆమెను చూసి ఆయన బిత్తరపోయాడు. ఆయన చెయ్యి వణికేసరికి పావురం బిత్తరపోయి, పైకెగిరి, దీపాలు వేలాడే ఇనుప చట్రంలో కూర్చుంది. అప్పుడు హాలంతా విరగబడి నవ్వింది.

ఆ నవ్వు పావురానిదే తప్ప తనది కాదని చంటికి తెలుసు.

చంటి అన్నది ఇంట్లోవాళ్ల పిలుపు. యాభై దాటినా అదే పిలుపు. బయట మాత్రం ఆమె అందరికీ వదినగారే. బ్యాంకులో గుమాస్తాకీ వదినగారే, మందుల కొట్టాయనకీ వదినగారే. దవడపన్ను పీకేటప్పుడు పళ్ల డాక్టరు కూడా “కాస్త ఓర్చుకోండి వదినగారూ” అన్నాడు. సీరియల్ ఆగిపోయి ఇన్నేళ్లైనా ఆ పిలుపు ఆగలేదు. మనిషిని మర్చిపోయి పిలుపును మాత్రం గుర్తుపెట్టుకున్నారు జనం. ఎవరైనా తనని అలా పిలిచినప్పుడల్లా ఎవరో ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లో ఉంటున్నట్టుగా అనిపించేది ఆమెకు.

మర్నాడు పొద్దున్న డైరెక్టరమ్మాయి గదికి పిలుపొచ్చింది.

ఇరుకు గది. నేల మీద వైర్లు, కిటికీ గట్టు మీద సగం తాగిన టీ కప్పులు. గోడకి బిగించిన బోర్డు మీద ఆ వారం అంశాలన్నీ వరసగా చీటీలై గుచ్చి ఉన్నాయి. ‘వదినగారు’ అన్న చీటీ ఒక పక్కకి ఒరిగింది. దాని కింద నుంచి ఇంకో చీటీ అంచు తొంగిచూస్తోంది. అది తన చోటికి కాచుకుని ఉన్న మిమిక్రీ కుర్రాడిదని చంటి దగ్గరికి వెళ్లకుండానే పోల్చుకుంది.

“కూర్చోండి మేడమ్. పావురం గురించి బెంగపడకండి, పైకి గింజలు పంపించాను,” అంది డైరెక్టరమ్మాయి. చంటి కూతురు వయసుంటుంది, చంటికి కూతురుంటే.

“ఇంకా దిగలేదా?”

“దిగలేదు. దానికి స్టేజీ రుచి తగిలినట్టుంది.”

చంటి నవ్వబోయి ఊరుకుంది. ఆ అమ్మాయి కంప్యూటరు తెర ఇటు తిప్పింది.

“ఇది నిన్నటిది. ఎవరూ నవ్వలేదు, మీరు ఆగారు. సరే. ఇప్పుడిది చూడండి, మొదటివారంది. ఈ ఒక్కచోట నిజంగా నవ్వారు. ఆ మూడో వరసలో ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు, కనపడ్డాడా? ఆయన తుడుచుకుంటూ ఉండగానే మీరు తర్వాతి మాట మొదలెట్టేశారు. ఆ మాట ఒక్కరికీ వినపడలేదు.”

“తొందరపడ్డాను.”

“కాదు మేడమ్. రెండుచోట్లా మీరు ఆగింది ఒక్కలాగే. నేను పక్కపక్కన పెట్టి చూశాను. పిసరంత తేడా లేదు. నవ్వినా అంతే, నవ్వకపోయినా అంతే.” ఆ అమ్మాయి తెర మీద నుంచి చూపు తిప్పింది. “మీరు హాల్లో ఉన్నవాళ్ల కోసం ఆగట్లేదు. మరి ఎవరికోసం ఆగుతున్నారు?”

చంటి తెర మీద ఆగి ఉన్న తన ముఖాన్నే చూసింది.

ఏం చెప్పాలి? మొదటి ఎపిసోడు తప్పిస్తే ఆ సీరియల్‌కి చూసేవాళ్లెవరూ ఎదురుగా ఉండేవారు కాదు. మూడు పక్కలా అట్ట గోడలు, నాలుగో పక్క కెమెరా. నవ్వులు తర్వాత కలిపేవారు. “ఇక్కడ నవ్వు పడుతుందమ్మా, చోటు వదులు” అనేవాడు అప్పటి డైరెక్టరు. మొదట్లో మనసులో లెక్క పెట్టుకునేది. తర్వాత్తర్వాత లెక్క అక్కర్లేకపోయింది, ఒంటికే తెలిసిపోయింది. సెట్లో ఎవరైనా పొరపాటున కిసుక్కుమంటే చీవాట్లు పడేవి. అలా పదేళ్లు ఆమె నిశ్శబ్దంలోకి హాస్యం చెప్పింది. ఆ నిశ్శబ్దం ఆమెకు బాధగా ఉండేది కాదు. నవ్వు ఎక్కడో ఉంది, వచ్చి చేరుతుందన్న నమ్మకం ఉండేది.

“పైవాళ్లు మీ అంశం తీసేయమంటున్నారు,” అంది డైరెక్టరమ్మాయి. “నేను ఇంకొక్క రికార్డింగు అడిగి ఒప్పించాను. శుక్రవారం. సీరియల్లో వేసుకున్న ఆ పాత పువ్వుల గౌను వేసుకురండి మేడమ్. ఆ మాట కూడా ఒక్కసారి అనండి. ప్రోమోలో ఇప్పటికే వేసేశారు.”

ఆ మాట ఏమిటో చెప్పనక్కర్లేదు. అప్పట్లో దాన్ని అనని ఇల్లు లేదు. సీరియల్లో వదినగారు దర్జీ పని చేసేది. పనేదైనా బెడిసికొడితే మెడలో టేపు రెండు చేతులా పట్టుకొని, “కొలత తప్పిందయ్యోయ్!” అనేది. పరీక్ష తప్పిన పిల్లల దగ్గర్నుంచి బస్సు తప్పిన పెద్దల దాకా అందరూ అదే అనేవారు.

తలుపు దాకా వెళ్లిన చంటిని ఆ అమ్మాయి మళ్లీ పిలిచింది.

“మా అమ్మ మిమ్మల్ని చూసి నవ్వేది మేడమ్. వారం మొత్తంలో ఆవిడ నవ్వేది ఆ అరగంటే. అందుకే మిమ్మల్ని వెతికి పట్టుకొచ్చాను. నా పట్టుదల వమ్ము చెయ్యకండి.”

*

దారిలో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చంటి మనసులోనే ఒక పాత మాట అనుకుని చూసింది. అనుకుని ఆగింది. ఆగిన చోట, చెవిలో వినపడింది.

ముందు పదిమంది నవ్వు కలగాపులగంగా వచ్చింది. అది తగ్గుతుండగా, వెనకనుంచి ఒక్క ఆడమనిషి నవ్వు మిగిలింది. నోరు తెరిచి నవ్వే నవ్వు కాదు. పెదాలు బిగించుకుంటే ముక్కులోంచి, గొంతులోంచి తోసుకొచ్చి, చివర్న చిన్న ఎక్కిలితో తెగిపోయే నవ్వు. ఆ ఎక్కిలి తర్వాతే చంటి తర్వాతి మాట అనేది. ఎప్పుడూ అంతే. సీరియల్‌వాళ్లు నవ్వులకి వాడిందంతా ఒకే టేపు. తన ఆగడానికి కొలత ఆ ఎక్కిలి.

ఆ నవ్వు ఎవరిదో ఆమెకు తెలుసు. ఇవాళ తెలిసింది కాదు. ఇన్నేళ్లూ తెలిసే, దాని పేరు మనసులో అనుకోకుండా తప్పించుకు తిరిగింది. ఇంట్లో ఒక గదికి తాళం వేసి, ఆ గది లేదన్నట్టే మసలడం మనిషికి చేతనవుతుంది. కాకపోతే నడుస్తున్నప్పుడల్లా ఆ తలుపు దగ్గర కాస్త ఒదిగి నడవాలి. ఒంటికి ఆ ఒదగడం అలవాటైపోతుంది.

ఇంటికి వెళ్లి పెట్టె అడుగునుంచి గౌను తీసి వేసుకుంది. నడుము దగ్గర గుండీలు కలవలేదు. ఎందుకోగానీ ఆమెకు సంతోషమేసింది. వెళ్లడానికి ఒక వంక దొరికింది.

*

చంటి సొంత వదిన కొట్టు వాళ్ల ఇంటి ముందుగదే. పాత బట్టలు సరిచేస్తారు. పొడుగు పాంట్లు పొట్టి చేస్తారు, బిగుతు చొక్కాలు వదులు చేస్తారు, పాడైన జిప్పులు మారుస్తారు. ఒక మూల నిలువుటద్దం, దాని ముందు ఎక్కి నిలబడడానికి చెక్కబల్ల. కిటికీ దగ్గర కుట్టుమిషను. అన్నయ్య నేల మీద కాళ్లు చాపుకుని ఎవరిదో పాంటు కుట్లు విప్పుతున్నాడు.

“ఏవే, దారి తప్పావా?” అన్నాడు తలెత్తి.

“ఏం, రాకూడదా?”

“రావచ్చు, రావచ్చు. రిటైరయ్యాక మీ వదిన నాకు ఉద్యోగమిచ్చింది. జీతం లేదు. తిట్లు మాత్రం వేళకి అందుతాయి.”

మిషను చప్పుడు ఆగలేదు. వదిన వెనక్కి తిరక్కుండానే, “ఆ కుట్టు చివరిదాకా విప్పండి, కబుర్లు తర్వాత,” అంది. తర్వాత అదే గొంతుతో, “కూర్చో చంటీ,” అంది.

చంటి తల్లి పోయేసరికి చంటి ఇంకా జడ వేసుకోవడం రాని పిల్ల. వదిన కొత్త కోడలుగా వచ్చి ముందు నేర్చుకున్న పని ఆ జడ వెయ్యడమే. అలాంటి మనిషి, సీరియల్ మూడో ఏడో నాలుగో ఏడో నడుస్తుండగా, రాకపోకలు తగ్గించేసింది. పోట్లాట లేదు, మాటా మాటా అనుకున్నది లేదు. వెళితే టీ ఇస్తుంది, ఆరోగ్యం అడుగుతుంది. తలుపు తెరిచే ఉంటుంది. కానీ గడప మీద ఏదో అడ్డంగా పెట్టినట్టు ఉంటుంది. ఎందుకని చంటి ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

“శుక్రవారం రికార్డింగుంది వదినా. ఈ గౌను పట్టట్లేదు. మరీ కొలత త—”

మిషను ఆగింది. అన్నయ్య చేతిలో బ్లేడు కూడా ఆగింది. ఆయన చటుక్కున భార్య వైపు చూశాడు.

“ఆ మాట టీవీలో అనుకో,” అంది వదిన లేస్తూ. “ఈ గదిలో కాదు. వేసుకురా, చూస్తాను.”

చంటి లోపలికి వెళ్లి గౌను వేసుకొచ్చి బల్ల ఎక్కింది. వదిన గుండుసూదులు గుప్పెడు పెదాల మధ్య పెట్టుకుని, మెడలోంచి టేపు లాగింది. ఒక్కొక్క సూది తీసి గుచ్చుతూ ఆమె చుట్టూ తిరగడం మొదలెట్టింది. పెళ్లికి ముందు తండ్రి కొట్లో నేర్చిన అలవాటు. సూదులు నోట్లో ఉండగానే తిడుతుంది, బేరాలాడుతుంది, నవ్వుతుంది. నవ్వొస్తే సూదులు రాలకుండా పెదాలు బిగించుకుని నవ్వుతుంది. సూదులు లేనప్పుడు కూడా అలాగే నవ్వేది.

“చేతులెత్తు.”

చంటి ఎత్తింది. అద్దంలో చూస్తూ, నెమ్మదిగా అంది: “మా మొదటి ఎపిసోడుకి మీరంతా వచ్చి కూర్చున్నారు, గుర్తుందా?”

“గుర్తుంది. మడత కుర్చీలేశారు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి.”

“ఆ రోజు మీ నవ్వులు రికార్డు చేశారు. తర్వాత ఎన్నేళ్లు తీసినా అవే వాడారు. అందులో—”

“తెలుసు.”

“నీకు తెలుసా?”

“నా నవ్వు నాకు తెలియదా చంటీ?”

చంటి చప్పున ఇటు తిరగబోయింది. “కదలకు, గుచ్చుకుంటుంది,” అంది వదిన. నిజంగానే నడుము చుట్టూ సూదులున్నాయి. పారిపోవడానికి లేదు, వంగి ఆమె చెయ్యి పట్టుకోవడానికీ లేదు. రెండు చేతులూ పైకెత్తి, దొరికిపోయిన దొంగలా నిలబడింది.

వదిన పని ఆపకుండానే చెప్పుకొచ్చింది.

“మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. నా గౌను లాంటి గౌను, నా మెడలో టేపు, నా నడక. మా చంటి నన్ను ఎంత బాగా చూసిందో అనుకున్నాను. ఆ మాట మా నాన్నది. ఆయన కొట్లో పుట్టిన మాట. దాన్నీ వాడుకున్నావు, వాడుకోనీ అనుకున్నాను. ఒకరోజు ఒకావిడ పాంటు పట్టుకొచ్చింది. అది ఆవిడ మోకాలు దాటి పైకి వెళ్లట్లేదు. అలవాటు కొద్దీ అనేశాను, కొలత తప్పిందయ్యోయ్ అని. ఆవిడ పగలబడి నవ్వి, ‘అచ్చం టీవీలో వదినగారిలాగే అన్నారే! బాగా చూస్తారా?’ అంది.”

“నువ్వేమన్నావు?”

“బాగా చూస్తానన్నాను. ఏమనమంటావు?”

అన్నయ్య తల వంచుకుని, విప్పేసిన కుట్టునే మళ్లీ విప్పుతున్నాడు.

“ఆ తర్వాత ఆ మాట మానేశాను. గౌను మానేశాను. నన్ను వదినా అని పిలవడానికి ఈ భూమ్మీద ఉన్నదానివి నువ్వొక్కదానివి, ఆ పిలుపు కూడా ఊరందరికీ పంచిపెట్టావు. సరే, అవన్నీ పోనీ. వారం వారం తెర మీద నాలాంటి మనిషి తెలివితక్కువ పనులు చేస్తూ ఉంటుంది, చుట్టూ నవ్వుతుంటారు, ఆ నవ్వేవాళ్లలో అందరికంటే చివరిదాకా నవ్వేది నేనే. అది మాత్రం నా వల్ల కాలేదు చంటీ. టీవీ కట్టేసేదాన్ని. పక్కింటి గోడలోంచి వినపడేది.”

క్షమించమనడానికి చంటికి నోరు రాలేదు. ఆ మాట ఇప్పుడంటే అది కూడా ఎవరో రాసిచ్చిన డైలాగులా ఉంటుందనిపించింది. చివరికి ఆమె నోట వచ్చింది వేరు.

“అక్కడ ఎవరూ నవ్వేవాళ్లు కాదు వదినా. అట్ట గోడల మధ్య ఒక్కదాన్నే. నువ్వు నవ్వుతున్నావనుకుని ఆగేదాన్ని. నీ ఎక్కిలి అయ్యాక మళ్లీ మొదలెట్టేదాన్ని. ఇప్పటికీ అలాగే ఆగుతున్నాను. అందుకే ఆ పావురం ఎగిరిపోయింది.”

వదిన చెయ్యి ఆగింది. “ఏ పావురం?”

చెప్పింది చంటి. చేతులు పైకెత్తుకునే చెప్పింది. నవ్వించాలని కాదు, అడిగింది గనక చెప్పింది. మర్యాద చప్పట్లు, తన మాట, ఆ మాట తర్వాతి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తనొక్కతే హాయిగా నిలబడి ఉండడం. వెనక బూట్ల చప్పుడు వినపడడం. ఎవరో మెచ్చుకోవడానికి వస్తున్నారనుకుని తను చిరునవ్వుతో తిరిగి చూడడం.

“తిరిగి చూస్తే గారడీ ఆయన. నల్లకోటు, చేతిలో టోపీ. ‘అయిపోయిందా అమ్మా?’ అన్నాడు మెల్లిగా. నేను ‘ఇంకా లేదండీ’ అన్నాను. ‘మరి ఊరుకున్నారేం?’ అన్నాడు. ‘నవ్వుతున్నారు కదా’ అన్నాను. ఆయన హాలు వైపు చూశాడు. టోపీలోంచి పావురం కూడా తలెత్తి హాలు వైపు చూసింది.”

వదిన ముఖం బిగిసింది. భుజాలు కదిలాయి. పెదాలు గట్టిగా మూసుకుంది, ముక్కు ఎర్రబడింది. చంటికి తెలిసిన నవ్వే అది, ఇంకో క్షణంలో ఎక్కిలి వస్తుంది. చంటి ఒళ్లు దానంతటదే సిద్ధమైపోయింది, తర్వాతి మాట నాలుక చివరికి వచ్చేసింది.

ఎక్కిలి రాలేదు. వదిన చెయ్యెత్తి, పెదాల మధ్య మిగిలిన సూదులన్నీ తీసి చంటి భుజం మీద గుడ్డలోనే గుచ్చేసింది. నోరు తెరిచింది. ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని నవ్వు బయటికొచ్చింది. అందంగా లేదు. బొంగురుగా, తెరలు తెరలుగా, తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తూ వచ్చింది. ఆమె బల్ల అంచు పట్టుకుని నేల మీద కూలబడింది. “పావురం కూడానా!” అంటూ మళ్లీ మొదలెట్టింది.

చంటి తెరిచిన నోరు మూసుకుంది. ఈ నవ్వు ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవడానికి దారి ఒక్కటే, ఆ ముఖం చూస్తూ ఉండడం. చూస్తూ ఉంది. కళ్ల చుట్టూ ముడతలు, చెంప మీదికి జారిన నీళ్లు, ఊపిరి కోసం తడుముకునే గొంతు. ఊపిరి చిక్కి, ముఖం కాస్త వదులై, “ఆ, తర్వాత?” అన్నట్టు కళ్లు పైకి లేచినప్పుడు, అప్పుడు అంది:

“హాల్లో ఒక్కరూ నవ్వట్లేదు వదినా. పావురానికి అర్థమైపోయింది. నాకే కాలేదు.”

ఈసారి అన్నయ్య కూడా పాంటు పక్కన పడేశాడు.

నవ్వులు సద్దుమణిగాక చంటి ఆశపడింది. ఆశపడకుండా ఉండాల్సింది.

“వదినా, శుక్రవారం వస్తావా? ముందు వరసలో కూర్చో, చాలు.”

వదిన కొంగుకి కాకుండా చేతిలోని గుడ్డముక్కకే కళ్లు తుడుచుకుంది. లేచి నిలబడేసరికి ముఖం మూసుకుపోయింది.

“మళ్లీ నా నవ్వు కావాల్సి వచ్చిందా?”

చంటికి తల కొట్టేసినట్టయింది.

“గౌను విప్పి ఇక్కడ పెట్టి వెళ్లు,” అంది వదిన సూదులు తీసేస్తూ. “ఇది నీకు ఇక పట్టదు. వదులు చేద్దామన్నా లోపల మడతలో గుడ్డ లేదు.”

“మరి నేనేం వేసుకోను?”

“నీ బట్టలు లేవూ నీకు?” కాస్త ఆగి అంది: “ఆ మాట కూడా ఇక్కడే పెట్టి వెళ్లు.”

చంటి తలూపింది. బయటి మెట్ల దాకా అన్నయ్య వచ్చాడు. ఏదో అనబోయి, వెనక్కి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “నవ్విందే. విన్నావా? ఎన్నాళ్లయిందో.”

*

శుక్రవారం మధ్యాహ్నం మామూలు బూడిదరంగు చొక్కా, నల్ల పాంటు వేసుకుని వచ్చిన చంటిని చూసి డైరెక్టరమ్మాయి పరుగున ఎదురొచ్చింది.

“గౌనేది మేడమ్?”

“ఎవరిదో వాళ్లకిచ్చేశాను.”

“పోనీ ఆ మాట?”

“అదీ నాది కాదమ్మా.”

ఆ అమ్మాయి రెండు చేతులతో తల పట్టుకుంది. చంటికి జాలేసింది, కానీ భయం వెయ్యలేదు. అదే ఆమెకు వింతగా ఉంది. “నాకు రెండే రెండు సాయాలు చెయ్యి,” అంది. ఇన్నాళ్లూ మీరు మీరు అంటున్న మనిషి ఒక్కసారిగా అలా చనువుగా అనేసరికి ఆ పిల్ల తలెత్తింది. “హాల్లో దీపాలు ఆర్పొద్దు. నాకు ముఖాలు కనపడాలి. రెండోది, నేను చెయ్యి ఊపేదాకా గారడీ ఆయన్ని కదలనివ్వొద్దు.”

తెర పక్కన గారడీ ఆయన టోపీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. టోపీలో కొత్త పావురం. పాతది పైన చట్రంలో గింజలు తిని బలిసింది.

చంటి స్టేజీ మీదికి వెళ్లింది. చప్పట్లు మర్యాదగానే పడ్డాయి. హాలు వెలుగులో అందరూ కనపడుతున్నారు. ఒకాయన ఆవలిస్తున్నాడు. రెండో వరసలో ఒక పెద్దావిడ చేతిసంచిలో ఏదో వెతుక్కుంటోంది. వీళ్లా, ఇన్నాళ్లూ నేను చూడని వాళ్లు, అనుకుంది చంటి. అనుకుని, మొదలెట్టింది. రాసుకున్నది కాదు, పావురం కథే.

“అదిగో, పైన కూర్చుంది చూడండి. నా హాస్యం మొదటిసారి అర్థం చేసుకున్నది అదే.”

అందరూ పైకి చూశారు. అక్కడక్కడా నవ్వారు. సంచీ వెతుక్కుంటున్న ఆవిడ ఆలస్యంగా తలెత్తి, పక్కావిడని అడిగి తెలుసుకుని, అప్పుడు నవ్వింది. చంటి ఆవిడ కోసం ఆగింది. ఆవిడ నవ్వు చూసి ఇంకో నలుగురు నవ్వారు. వాళ్ల కోసం కూడా ఆగింది. ‘నవ్వుతున్నారు కదా అన్నాను’ అన్న చోటికి వచ్చేసరికి ఆవలించినాయన ముందుకి వంగి కూర్చున్నాడు. నవ్వు వరస వరసా దాటి వెనక్కి వెళ్లడం ఆమె కళ్లారా చూసింది.

అంతలో వెనకనుంచి ఎవడో అరిచాడు: “వదినగారూ, కొలత!”

ఇంకో ఇద్దరు అందుకున్నారు. చూస్తుండగానే హాలంతా చేతులు చరుస్తూ, “కొలత! కొలత!” అని మొదలెట్టింది. ప్రేమగానే అడుగుతున్నారు. అదే కష్టం. కోపంగా అడిగితే కాదనడం తేలిక. చెవిలో పెట్టిన చిన్న స్పీకరులో డైరెక్టరమ్మాయి గొంతు బతిమాలింది: “మేడమ్, ఒక్కసారి అనేయండి. పైవాళ్లు నా పక్కనే ఉన్నారు. ఒక్క మాట, మీ చీటీ బోర్డు మీద ఉండిపోతుంది.”

ఒక్క మాట. నాలుక మీదే ఉంది. చంటి నోరు తెరవలేదు. చప్పట్లు తగ్గాయి, అరుపులు తగ్గాయి, నిశ్శబ్దం వచ్చి కూర్చుంది. తెర పక్కనుంచి గారడీ ఆయన బూటు ఒకటి ముందుకొచ్చింది. ఆమె అటు చూడకుండానే అరచెయ్యి చూపించింది. బూటు వెనక్కి వెళ్లింది.

అప్పుడు హాలు చివర తలుపు తెరుచుకుంది.

అంత దూరం నుంచి ముఖం తెలియలేదు. పువ్వులు తెలిశాయి. రెండు జేబుల పువ్వుల గౌను, మెడలో టేపు. గౌను ఆమెకు ఎక్కడా లాగకుండా, జారకుండా, అచ్చంగా సరిపోయింది. వరసల మధ్య దారిలో ఆమె తాపీగా, కొట్లో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచినట్టు నడిచి వస్తోంది. తలలు ఒక్కొక్కటే అటు తిరిగాయి. తెర మీద ఏళ్ల తరబడి చూసిన నడక అది, కానీ ఆ నడకతో తమకు తెలిసిన మనిషి స్టేజీ మీద ఉంది.

“ఎవరావిడ?” అంది చెవిలో గొంతు. “మేడమ్, ఎవరావిడ?”

చంటి మైకులోనే జవాబు చెప్పింది, హాలంతటికీ.

“మా వదిన.”

వదినగారికి వదిన! హాలు ఘొల్లుమంది. ఇందాకటికంటే పెద్దగా, కుర్చీలు కదిలేలా నవ్వింది. దారి మధ్యలో నడుస్తున్న మనిషి మాత్రం నవ్వలేదు. ఆమె పెదాలు బిగించి ఉన్నాయి. వాటి మధ్య ఏదో తళుక్కుమంది.

ఆమె దీవించడానికి వస్తోందో, ఇన్నేళ్ల లెక్క పదిమందిలో తేల్చుకోవడానికి వస్తోందో చంటికి తెలియదు. ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది. నవ్వులు తగ్గేదాకా ఆగింది, తగ్గాక కూడా ఆగింది.

వదిన స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చింది. మొదటి మెట్టు మీద నిలబడి, పెదాల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గౌను గుండెల మీద గుచ్చుకుంది. ఆఖరిది కూడా తీశాక, మైకు కోసం చెయ్యి చాపింది.

చంటి ఇచ్చేసింది.